చార్లెస్టన్‌లో రెండు రోజులు: వరి వెంట ఒక ప్రయాణం

అట్లాంటా నుంచి కారులో అయిదు గంటలు, షార్లట్ నుంచి మూడున్నర గంటలు. సౌత్ కరోలినా తీరంలోని చార్లెస్టన్‌కి లాంగ్ వీకెండ్‌లో బయల్దేరే తెలుగు కుటుంబాలు మామూలుగా రెండు జాబితాలు రాసుకుంటాయి. చూడాల్సిన పాత మేడలు ఒకటి, తినాల్సిన హోటళ్లు ఇంకొకటి. నిజానికి ఈ రెండింటికీ మూలం ఒక్కటే. 1670లో మొదలైన ఈ ఊరికి మేడలు కట్టేంత డబ్బు తెచ్చిపెట్టింది వరి. ఇవాళ అక్కడి వంటకాల్లో పేరున్నవి చాలావరకు ఆ వరిని పండించి, దంచి, వండిన చేతుల నుంచి పుట్టాయి. ఆ చేతులు పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన మనుషులవి. వాళ్ల వారసులే నేటి గల్లా గీచీ ప్రజలు. అందుకే ఈ రెండు రోజులనూ మడి, చేట, కుండ అనే వరసలో పెట్టుకుంటే తిండికి రుచితోపాటు అర్థమూ అందుతుంది.

శనివారం పొద్దున్నే మడి దగ్గరికి వెళ్లాలి. నగరానికి పడమరగా రావెనెల్ దగ్గర కా కా అనే కౌంటీ పార్కు ఉంది. పాత వరి పొలాల గట్ల మీదే అక్కడి నడక దారులు. గోదావరి డెల్టా రైతుకు సముద్రపు పోటంటే చౌడు భయం. ఇక్కడివాళ్లు ఆ పోటునే పనిలో పెట్టుకున్నారు. పోటు వచ్చినప్పుడు బరువైన ఉప్పునీరు నది అడుగున చొరబడి, తేలికైన మంచినీటిని పైకి లేపుతుంది. సరిగ్గా ఆ వేళకు తూము ఎత్తి పైనీటిని మడిలోకి పట్టాలి. ఆటు వేళ తలుపు మార్చి తీస్తే మడిలోని నీరు తిరిగి నదిలోకి దిగిపోతుంది. మొదట్లో ఈ తూములు బోలుగా తొలిచిన సైప్రస్ దుంగలు. తర్వాత పలకలతో చేసి రెండు చివరలా తలుపులు బిగించారు. మొలకకు ఒక తడి, కలుపు చావడానికి ఒక నిండు కట్టు, కంకి బరువుకు పైరు ఒరిగిపోకుండా చివర్లో మరో కట్టు. కొన్నిచోట్ల విత్తనం నీటిలో తేలిపోకుండా బంకమట్టి పట్టించి నాటేవారు. ఏ ఘడియలో ఏ తలుపు ఎత్తాలో తెలిసిన మనిషి చేతిలోనే సంవత్సరం పంట ఉండేది. ఆ మనిషికి మాత్రం తన ఒంటి మీదే హక్కు లేదు. చిత్తడి అడవులు నరికి, మైళ్ల కొద్దీ గట్లు పోసింది కూడా మలేరియా మధ్య, పారలతో, ఆ జనమే.

ఈ విద్యలో ఆఫ్రికా వాటా ఎంత అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్న విషయం. భూగోళ శాస్త్రవేత్త జూడిత్ కార్నీ 2001లో ‘బ్లాక్ రైస్’ పుస్తకంలో ఆ వాటా చాలా పెద్దదన్నారు. అంత కాదన్నవాళ్లూ ఉన్నారు. ఇక్కడ పేరుకెక్కిన కరోలినా గోల్డ్ ఆసియా జాతి వరే. అయితే రోలు, చేట, కుండ ఎవరి చేతుల్లో ఉన్నాయన్న దాని మీద తగాదా లేదు.

మధ్యాహ్నం ఊళ్లోని సిటీ మార్కెట్‌కి వెళితే ఆ చేటను కళ్లారా చూడవచ్చు. స్వీట్‌గ్రాస్ అనే సువాసన గడ్డిని, పైన్ ఆకులను కట్టలుగా పట్టి, చుట్ట మీద చుట్ట వేస్తూ తాటిజాతి పామెట్టో ఈనెలతో కుట్టుకుంటూ పోతారు. సందు చేసేందుకు సూదికి బదులు అరగదీసిన చెంచా కాడ వాడటం పాత అలవాటు. వెడల్పాటి చెరిగే బుట్టతో మొదలైన ఈ పని ఇప్పుడు అలంకారపు బుట్టల దాకా వచ్చింది. ఒక్కో బుట్ట వెనక రోజుల పని ఉంటుంది కనుక ధర చూసి బేరానికి దిగకపోవడం మర్యాద.

ఇక కుండ. చార్లెస్టన్ అన్నం గింజకు గింజ విడిగా ఉండాలి. ఎసరు నిండుగా పెట్టి, ఉప్పేసి ఉడికించి, గంజి వార్చి, సన్న సెగ మీద ఆరనిస్తారు. తెలుగు వంటింటికి ఈ పద్ధతి చెప్పక్కర్లేదు. ఆ అన్నంలో బొబ్బర్ల జాతి గింజలు, పంది మాంసం ముక్కలు కలిపి వండేది హాపిన్ జాన్. 1847లో శారా రట్లెడ్జ్ అచ్చువేసిన ‘ది కరోలినా హౌస్‌వైఫ్’లోనే ఇది ఉంది, ఇప్పటికీ కొత్త సంవత్సరం రోజున తింటారు. రెడ్ రైస్‌లో టమాటా రసమే ఎసరు. నీళ్లు చూసి పోయకపోతే ముద్దయిపోతుంది. ఇది పశ్చిమ ఆఫ్రికా జొలోఫ్ అన్నానికి దగ్గరి చుట్టం. బెండకాయ సూప్‌లో మనం వదిలించుకోవాలని తంటాలు పడే జిగురే చిక్కదనం ఇస్తుంది. దంపుడులో విరిగిన నూకలు ఒకప్పుడు పేదల పాలు. పూర్తి గింజ ఓడలెక్కి వెళ్లేది. ఇప్పుడు అవే నూకలు పెద్ద హోటళ్లలో గొప్ప వంటకం.

ఈ వంట కోసం నార్త్ చార్లెస్టన్‌లోని బర్తాస్ కిచెన్‌కి (2017లో జేమ్స్ బియర్డ్ ‘అమెరికాస్ క్లాసిక్స్’ గౌరవం పొందింది), పీత మాంసంతో వేయించిన అన్నానికి హానిబల్స్ కిచెన్‌కి వెళ్లాలి. చిన్న హోటళ్లు కొన్ని వారాంతంలో మూసి ఉంటాయి కాబట్టి ముందే ఫోన్ చేసి, కుదిరితే శుక్రవారం మధ్యాహ్నానికే చేరుకోవడం మేలు. చలికాలమైతే బోవెన్స్ ఐలాండ్‌లో కాల్చిన ఆయిస్టర్లు కూడా దొరుకుతాయి. శాకాహారులకు ఒక హెచ్చరిక: ఆకుకూరల్లో, బీన్స్‌లో, రెడ్ రైస్‌లో పొగబెట్టిన మాంసం తరచూ ఉంటుంది. పేరు చూసి నమ్మకుండా అడగాలి. మొక్కజొన్న రవ్వతో వండే గ్రిట్స్, వేయించిన బెండకాయ, నువ్వుల బెన్నీ బిస్కెట్లు చాలావరకు గట్టెక్కిస్తాయి.

ఇంతకీ ఆ వరి ఏమైంది? అమెరికా అంతర్యుద్ధం తర్వాత కూలి లేకుండా పని చేసేవాళ్లు పోయారు. మెత్తటి బురదలో యంత్రాలు దిగబడ్డాయి. లూసియానా, టెక్సాస్ పోటీకి వచ్చాయి, తుఫాన్లు గట్లు తెంచాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కరోలినా గోల్డ్ వ్యాపారం ముగిసిపోయింది. 1980లలో రిచర్డ్ షుల్జ్ అనే సవానా కంటి డాక్టరు ప్రభుత్వ విత్తన నిల్వల నుంచి గింజలు తెచ్చి మళ్లీ పండించాడు. 1998లో గ్లెన్ రాబర్ట్స్ స్థాపించిన యాన్సన్ మిల్స్ దాన్ని వంటశాలలకు చేర్చింది.

ఆదివారం పొద్దున గాడ్స్‌డెన్ వార్ఫ్‌కి వెళ్లండి. బానిసల ఓడలు ఆగిన ఆ రేవులో 2023 జూన్‌లో ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరుచుకుంది. విత్తనం తిరిగి తెచ్చినవారి పేర్లు మనకు తెలుసు. అంతకుముందు రెండు వందల ఏళ్లు వండినవాళ్లలో నాట్ ఫుల్లర్ లాంటి ఏ కొద్దిమంది పేర్లో మిగిలాయి. పెద్ద హోటళ్ల మెనూల్లో బియ్యం రకం పేరు ఉంటుంది, ఆ వంట నేర్పినవాళ్ల ప్రస్తావన అరుదు. ఆ లోటు ఒక యాత్రికుడు తీర్చగలిగింది కాదు. కానీ రెండు రోజుల తిండి ఖర్చులో సగమైనా గల్లా వంటవాళ్ల కౌంటర్ దగ్గర పెడితే, ఈ విద్య దాన్ని కాపాడుకొచ్చిన ఇళ్లలోనే బతుకుతుంది.