ఉత్తరం ఎవరి చేతుల మీదుగా వెళ్లింది?

అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్‌నూ హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యంనూ ఒకే గాటన కట్టడం మనకు అలవాటైపోయింది. లేని లాభాన్ని చూపించాయి, కూలిపోయాయి, పెద్దలు జైలుకెళ్లారు. అక్కడితో పోలిక ముగిస్తాం. కానీ ఖాతాల మీద కంపెనీ లోపల ఉండాల్సిన కాపలా ఎలా పనిచేసిందని అడిగితే, ఆ రెండింటికీ పొంతన కుదరదు.

వరల్డ్‌కామ్ కేంద్ర కార్యాలయం మిసిసిపి రాష్ట్రంలోని క్లింటన్ అనే చిన్న ఊళ్లో ఉండేది. ఇతర కంపెనీల టెలిఫోన్ లైన్లను వాడుకున్నందుకు కట్టే అద్దె ఏ మూడు నెలలది ఆ మూడు నెలల ఖర్చులోనే రాయాలి. ఫైనాన్స్ అధిపతి స్కాట్ సల్లివన్ ఆదేశంతో అందులో కొంత ఆస్తుల పద్దులోకి మారింది. ఖర్చు తగ్గింది, లాభం పెరిగింది. ఇంత మోటు మోసాన్ని బయటి ఆడిటరైన ఆర్థర్ ఆండర్సన్ పట్టలేదు. పట్టింది ఇంటర్నల్ ఆడిట్ అధిపతి సింథియా కూపర్. ఆమె విభాగం ప్రధానంగా చూసేది కంపెనీ పనితీరునే, ఆర్థిక ఖాతాల తనిఖీ వాళ్ల వాటా కాదు. పైగా రోజువారీ వ్యవహారాల్లో ఆమె సల్లివన్‌కే జవాబుదారు. అయినా ఆమె ఖాతాల తనిఖీ మొదలుపెడితే, ఆయన వాయిదా వేయమన్నాడు. ఆమె వేయలేదు. పగలు వెతికితే కంప్యూటర్లు నెమ్మదిస్తాయని జీన్ మోర్స్ అనే సహోద్యోగి రాత్రుళ్లు కూర్చుని లెడ్జరు తవ్వాడు. కూపర్ నేరుగా బోర్డు ఆడిట్ కమిటీ దగ్గరికి వెళ్లింది. 2002 జూన్ 25న కంపెనీ 380 కోట్ల డాలర్ల తప్పుడు పద్దులను ఒప్పుకుంది. చివరికి ఆ లెక్క 1,100 కోట్ల దాకా తేలింది.

దీన్ని వీరగాథగా చదివితే పొరపాటే. పద్దులు మార్చమన్నప్పుడు కడుపులో దిగులుతోనే మార్చిన అకౌంటెంట్లు కిందిస్థాయిలో ఉన్నారు. వాళ్లలో ఒకామె జైలుకూ వెళ్లింది. నియంత్రణ అక్కడా విఫలమైంది. కాకపోతే పూర్తిగా చావలేదు.

వరల్డ్‌కామ్ దివాలా పిటిషన్ వేసిన తొమ్మిది రోజులకే, 2002 జూలై 30న, సర్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వచ్చింది. అందులోని 404వ సెక్షన్ ప్రకారం ఆర్థిక నివేదికలపై అంతర్గత నియంత్రణలు సరిగా ఉన్నాయో లేదో యాజమాన్యం ఏటా తేల్చి చెప్పాలి, ఆడిటర్ దానిపై అభిప్రాయం ఇవ్వాలి. 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్న సత్యానికీ ఇది వర్తించింది. అంటే కూపర్‌కు లేని చట్టం హైదరాబాద్ కంపెనీకి ఉంది. దాంతోపాటు బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడూ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీనూ ఉన్నారు. 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా దక్కింది.

2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. ఏ నియంత్రణా దీన్ని బయటపెట్టలేదు. రాజు కుటుంబ సంస్థలైన మేటాస్ కంపెనీలను కొనాలన్న ప్రయత్నం 2008 డిసెంబరులో మదుపుదారుల ఆగ్రహంతో బెడిసికొట్టాక, దాచడానికి దారి మిగల్లేదంతే.

కంప్యూటర్లలో ప్రత్యేక లాగిన్‌తో ఆరు వేలకు పైగా దొంగ ఇన్వాయిస్‌లు సృష్టించారనీ, సంబంధిత విభాగాల కంట పడకుండా వాటిని దాచారనీ అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ తేల్చింది. అది తెలివైన పనే అనుకుందాం. కానీ నగదు సంగతి? బ్యాంకులో సొమ్ముందా అని అడుగుతూ ఆడిటర్ స్వయంగా ఉత్తరం పంపాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. ఇది ఆడిటింగ్‌లో ఓనమాలు. సత్యం ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలు ఈ పనిని కంపెనీ యాజమాన్యానికే వదిలేశాయని 2011 ఏప్రిల్‌లో అమెరికా ఆడిట్ పర్యవేక్షణ మండలి తప్పుబట్టి జరిమానా వేసింది. పరీక్ష రాసిన కుర్రాడి చేతికే జవాబు పత్రం ఇచ్చి, మార్కులు వేయించుకు రమ్మన్నట్టు.

నా దృష్టిలో అసలు తేడా మరొకటి. వరల్డ్‌కామ్‌లో ఇంటర్నల్ ఆడిట్ అధిపతి మోసాన్ని బయటికి తీసింది. సత్యంలో అదే హోదాలో ఉన్న వ్యక్తి, 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పది మందిలో ఒకడు. (ఆ శిక్షల అమలును మరుసటి నెలలో పై కోర్టు నిలిపివేసింది.) ఒకచోట చట్టం లేదు, యజమాని మాట కాదని కమిటీ తలుపు తట్టే మనిషి ఉంది. మరోచోట చట్టం, సంతకాలు, అవార్డు అన్నీ ఉన్నాయి, ఆ మనిషి లేడు.

సత్యం తర్వాత మన దేశం ఎంచుకున్న మందు ఎక్కువగా సంతకాల వైపే మొగ్గింది. 2013 కంపెనీల చట్టం 134, 143 సెక్షన్లతో అంతర్గత ఆర్థిక నియంత్రణల గురించి డైరెక్టర్లూ ఆడిటర్లూ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. మేలే. అయితే ఆడిటర్లు ఆ మాట చెబుతూ ఆడిట్ నివేదిక చివర జతచేసే అనుబంధం కంపెనీ పేరు తప్ప దాదాపు ఒకే మాటల్లో అచ్చవుతుంది. బ్యాంకు ధ్రువీకరణ లేఖలు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో అందులో ఉండదు.