ఉప్పు చరణం

మొన్న ఆగస్టు పదిహేనుకి మా రాజమహేంద్రవరంలో ఓ బళ్ళో పాటల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. తొమ్మిదేళ్ళ పిల్ల ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అందుకుంది. చక్కని గొంతు. పల్లవీ, ఒక్క చరణమూ పాడి, దణ్ణం పెట్టేసి దిగిపోయింది. రాసినవారి పేరు మైకులో ఎవరూ చెప్పలేదు.

రాసింది గరిమెళ్ళ సత్యనారాయణ. 1893లో శ్రీకాకుళం వైపు గోనెపాడులో పుట్టారు. బి.ఏ. చదివి, గుమాస్తాగా, పంతులుగా పనిచేసి, మన ఊళ్ళో ట్రైనింగు కాలేజీలో చేరారు. సహాయ నిరాకరణ పిలుపు వినగానే ఆ చదువుకి స్వస్తి చెప్పి, పాడుకుంటూ ఊళ్ళమీద పడ్డారు. 1922లో జైలుకి వెళ్ళారు. తెలుగు రాని దొర ఒకడు ఈ పాట పాడించుకుని విని, అది జనాన్ని ఎంత రేపగలదో పసిగట్టేశాడని చెప్పుకుంటారు.

చెప్పొద్దూ, చదువుకునే రోజుల్లో నాకూ ఇది రెండు మార్కుల ప్రశ్నే. ఈమధ్య పాటంతా చదివితే ఆశ్చర్యం వేసింది. దేశభక్తి గీతమంటే కత్తులూ, కిరీటాలూ ఉంటాయనుకుంటాం కదా! ఇందులో ఉన్నది మన వంటిల్లు. పంట పండినా దొరకని తిండీ, ముట్టుకుంటే నేరమయ్యే ఉప్పూ, సారా పాలైన ఇల్లాలి పుస్తెలూ! గాంధీగారు 1930లో దండి వెళ్ళకముందే మన పంతులుగారు ఉప్పుమీద పాట కట్టేశారన్నమాట.

పాట అక్కడక్కడ సాగుతుంది, నిజమే. కానీ బిందె చంకనెట్టుకుని పక్కింటావిడతో కష్టం చెప్పుకునే మనిషి ఎక్కడ ఆపుతుంది? నా మటుకు నాకు ఆ సాగడమే ఇష్టం.

తర్వాత మద్రాసు చేరి, ఆడవాళ్ళ పత్రిక ‘గృహలక్ష్మి’లో కూడా పనిచేశారు. చివరికి పక్షవాతం, పేదరికం. స్వరాజ్యం వచ్చిన అయిదేళ్ళకి, 1952 డిసెంబరులో, ఆ మద్రాసులోనే పోయారు. ఆ పాటని పల్లవి వరకే మిగుల్చుకున్న మనం, ఆయన్ని ఆమాత్రం కూడా మిగుల్చుకోలేదు.

పోటీ అయ్యాక ఆ పిల్లని పిలిచి, ‘‘ఉప్పు చరణం ఎందుకు పాడలేదమ్మా?’’ అన్నాను.

‘‘మాకు అంతే నేర్పారండీ. అయినా ఉప్పు ముట్టుకుంటే తప్పేంటండీ? పాకెట్టు కొట్లో అమ్ముతారు కదా!’’

నేను జవాబు వెతుక్కుంటూండగానే, వెనకనుంచి వాళ్ళ మామ్మ సన్నగా ఆ చరణం అందుకుంది. పిల్ల నోరు తెరుచుకుని వింటోంది. మామ్మకి మొత్తం వచ్చు.