అర్ధచిత్రంలో ఉలి జాడ

మన శిల్పశాస్త్రాలు పూర్ణరూపాన్ని చిత్రమనీ, ఉబ్బెత్తు చెక్కడాన్ని అర్ధచిత్రమనీ పేర్కొన్నాయి. కాశ్మీరు అక్రోటు కలపపై కనిపించే నగిషీలో అధికభాగం ఈ రెండవ కోవకు చెందినదే. అక్కడి నక్కాష్ పలకపై రేఖలు గీసి, వాటి వెంట ఉలితో గాడి తీసి, ఆపైన చుట్టూ ఉన్న నేలభాగాన్ని లోతుకు దించుతాడు. చినారు ఆకు పైకి లేచినట్లు తోచడానికి కారణం ఈ తొలగింపే. గుండ్రని అంచుగల ఉలి ఆకు వంపును మలుస్తుంది. సన్నని మొన ఈనెలను తీరుస్తుంది. గరుకు కాగితంతో అతిగా రుద్దితే ఈ జాడలన్నీ చెరిగిపోతాయి. చేతిపనిని యంత్రపు పనినుంచి వేరుపరచడం కష్టమవుతుంది. ఆ నునుపునే నైపుణ్యంగా భావించి బహుమతులిస్తే నష్టపోయేది ఉలి పట్టిన చేయి. భౌగోళిక గుర్తింపు ప్రాంతనామాన్ని కాపాడగలదు. పనితనాన్ని కాపాడాలంటే న్యాయనిర్ణేతలు మెరుపుకంటె ముందు అంచునూ, దాని నీడనూ పరిశీలించడం అవసరం.