దలా, కలా: కజక్ కవిత్వంలో నేల

కజక్ భాషలో గడ్డి మైదానాన్ని ‘దలా’ అంటారు. నగరాన్ని ‘కలా’ అంటారు. ఒక్క హల్లు మారితే మైదానం నగరమైపోతుంది. కవి వెతుక్కోనక్కర లేకుండా భాషే చేతిలో పెట్టిన ప్రాస ఇది. దలా మంచిది, కలా చెడ్డది అని రాసేయడం అందుకే తేలిక. భూగోళం పాఠంలో ‘స్టెప్పీలు’ అని బట్టీపట్టి వదిలేసిన ఆ నేలను ఇక్కడ తలుచుకోవడానికి కారణముంది. మన యువకవులు కూడా అడవి, పట్నం అనే ఇలాంటి తేలిక జంటలోనే చిక్కుకుంటున్నారని మాకనిపిస్తోంది.

కజక్కులకు నగరం మీద ఉన్న అనుమానం ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. సెమెయ్ 1718లో, అక్మొలా 1830లో, ఇప్పటి అల్మాటీ 1854లో రష్యన్ కోటలుగా మొదలయ్యాయి. మందల వెంట ఋతువుల ప్రకారం కదిలే జనానికి అక్కడ ఎదురైంది సిపాయి, పన్ను, పరాయి భాష. తర్వాత సోవియట్ పాలనలో పశువులను లాక్కుని, జనాన్ని బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టారు. 1930–33 కరువులో దాదాపు 15 లక్షల మంది పోయారు. 1959 నాటికి సొంత గడ్డ మీద కజక్కులు మూడో వంతు కూడా లేరు. మైదానాన్ని గొంతెత్తి పాడిన మగ్జాన్ జుమాబయెవ్‌ను 1938లో కాల్చి చంపారు. అతని కవిత్వం దశాబ్దాల పాటు అచ్చుకు నోచుకోలేదు.

1954లో ఆ మైదానాన్ని గోధుమ సాగుకు దున్నడం మొదలైంది. ఆ పథకానికి పెట్టిన పేరుకు ‘నాగలి తగలని నేల’ అని అర్థం. తరతరాలుగా మందలు మేసిన నేల కాగితం మీద ఎవరిదీ కాకుండా పోయింది. ‘బంజరు’ అనే ముద్ర ఏం చేయగలదో పోడు చేసుకునేవాళ్లకు చెప్పాలా? అంతకు ముందే, 1949 నుంచి, సెమెయ్ పక్క మైదానంలో అణు పరీక్షలు జరుగుతున్నాయి. 1989 దాకా 456. కజక్ లిఖిత కవిత్వానికి ఆద్యుడనిపించుకున్న అబాయ్ పుట్టిన కొండల ప్రాంతం దానికి దగ్గరే.

ఈ కథ తెలిశాక అబాయ్‌ని చదివితే అసలు సంగతి బోధపడుతుంది. అతను మైదానాన్ని దేవుడి పటంలా గోడకు తగిలించలేదు. చలి ముదిరే రోజుల మీద రాసిన కవితలో ధనవంతుడి బిడ్డ ఒకవైపు, పనివాడి బిడ్డ మరోవైపు కనిపిస్తారు. తనవాళ్ల సోమరితనాన్ని, లంచాలను, కొట్లాటలను మొహమాటం లేకుండా తిట్టాడు. ఆ దలాలో మనుషులున్నారు, వాళ్లకు తప్పులున్నాయి. ఖాళీ నేల అన్న అబద్ధానికి పొగడ్త కంటే ఈ తిట్టే గట్టి జవాబని మా అభిప్రాయం. మనుషులు లేని పచ్చిక పాటను రాజ్యం కూడా హాయిగా పాడుకోగలదు.

నగరం వైపు నుంచి చూడాలంటే ముకగలి మకతాయెవ్ ఉన్నాడు. 1931లో కరసాజ్ అనే కొండ పల్లెలో పుట్టాడు, 1976లో అల్మాటీలో పోయాడు. ఆనాటి అల్మాటీ వీధుల్లో రష్యన్‌దే పెత్తనం. అక్కడ కూర్చుని అతను కజక్‌లోనే రాశాడు. షేక్‌స్పియర్ సానెట్లను, డాంటే ‘నరకాన్ని’ కజక్‌లోకి తెచ్చాడు. ఊరు గుర్తొచ్చి కుమిలిన కవితలు అతనికీ ఉన్నాయి. వాటి సంగతి అందరూ చెబుతారు. మాకు మాత్రం ఆ అనువాదాలే ఎక్కువ ముఖ్యమనిపిస్తాయి. పల్లె నాలుక నగరం నడిబొడ్డున డాంటేను మోయగలిగినప్పుడు, ఇది గొర్రెల కాపర్ల భాష అనే మాట ఎక్కడ నిలుస్తుంది?

ఒల్జాస్ సులేమెనోవ్‌ది ఇంకో దారి. అల్మాటీలోనే పుట్టాడు, భూగర్భశాస్త్రం చదివాడు, రష్యన్‌లో రాశాడు. పాలకుల భాషలో రాసినవాడు మనవాడెలా అవుతాడని అడిగేవాళ్లుంటారు. తెలుగులో రాసే ఆదివాసులం మేమూ ఆ ప్రశ్న ఎదుర్కొంటున్నవాళ్లమే. 1975లో అతని ‘అజ్ ఇ యా’ పుస్తకం మీద మాస్కో విరుచుకుపడింది. 1989 ఫిబ్రవరిలో, టీవీలో కవితలు చదవాల్సిన చోట, వాటిని పక్కనపెట్టి అణు పరీక్షలకు వ్యతిరేకంగా ప్రకటన చదివాడు. జనం కదిలారు. 1991 ఆగస్టు 29న ఆ పరీక్షా స్థలం మూతపడింది. నగరంలో పుట్టి, నగరపు టీవీలో, నగరపు భాషలో అతను మాట్లాడింది దలా గురించే.