ఒకే ఒరలో ఏడు కత్తులు

టాంగ్ చేపకు తోక మొదట చెరో పక్కన కత్తి లాంటి ముల్లు ఉంటుంది. కోపమొస్తే తోక విసిరి పక్కదాని ఒళ్లు చీరేస్తుంది. అలాంటివాటిని ఏడెనిమిదింటిని ఒకే ఉప్పునీటి తొట్టెలో ఏళ్లపాటు పెంచడం గొప్ప విద్య. ఆ విద్యకు మేరువు అమెరికాలో రివర్‌హెడ్‌లోని అక్వేరియంకు చెందిన జో యాయులో. ఆయన 20,000 గ్యాలన్ల తొట్టెలో బతికున్న పగడాల మీదుగా టాంగ్‌లు గుంపుగా సాగిపోతుంటాయి. దానికి సాటి వచ్చే పని నా దృష్టిలో మరొకటి లేదు.

కిటుకంతా తొట్టెలోకి వదిలే వరసలో ఉంది. కోలే, నాసో వంటి మెతకవి ముందు. తర్వాత పసుపు టాంగ్, పర్పుల్. పౌడర్ బ్లూ, అకిలీస్, సోహాల్ ఆఖరున. ఎర్ర సముద్రంలో అలలు విరిగే చోట తన పాచిమేతను కాపలా కాసుకునే సోహాల్‌ను మొదటే వదిలితే తొట్టంతా దాని జాగీరే. ఆకారమూ రంగూ కలిసిన చేపల మధ్యే పోరు ఎక్కువ, ఎందుకంటే మేత ఒకటే. అందుకే వేర్వేరు జాతులు ఎంచుతారు. రెండుమూడింటిని ఒకేసారి వదిలితే పాతదాని కోపం ఒకదాని మీదే పడదు. సముద్రంలోనూ ఇంతే: చారల కన్విక్ట్ టాంగ్‌లు గుంపుగా దిగితే కాపలా చేప ఎన్నింటినని తరమగలదు?

అప్పటికే తొట్టెలో రౌడీ చేప ఉంటే గాజుకు బయట అద్దం ఆనిస్తారు. అది తన నీడతో పోట్లాడుతుండగా కొత్తది దాక్కోవడానికి రాళ్ల సందులు వెతుక్కుంటుంది. ఎంత చక్కని ఉపాయం! నోరి అనే సముద్రపు పాచి ఆకును నాలుగు మూలలా కడితే మేత కోసం తన్నులాట తగ్గుతుంది. రాత్రికి ప్రతిదానికీ ఒక గుహ ఉండాలి.

ఈ విద్య తెలియకుండానే నాలుగడుగుల తొట్టెలో ఆరు టాంగ్‌లను కుక్కి, రంగుల వీడియో తీసి మురిసిపోయేవాళ్లను చూస్తే రక్తం ఉడుకుతుంది. సోహాల్ 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అది తిరగడానికి చోటెక్కడ? క్వారంటైన్ లేదు, తెల్లమచ్చల జబ్బు పట్టగానే ఒక్కొక్కటే రాలిపోతాయి. చచ్చినచోట మళ్లీ కొత్తవి. కొన్నిచోట్ల ఆ కొత్తవాటిని సైనైడ్ చిమ్మి పడతారు. పగడమూ దాంతోపాటే చస్తుంది. ఈ టాంగ్‌లలో పౌడర్ బ్లూ మన లక్షద్వీప్, అండమాన్ నీళ్లలోని చేప. దాని పేరున ఇంత దుర్మార్గమా!

హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చాడ్ కల్లన్ బృందం 2015లో పసుపు టాంగ్‌ను గుడ్డు నుంచి పెంచి చూపింది. కంటికి ఆనని ఆ పిల్లలను బతికించడం అసాధ్యమని చాలామంది అనుకున్న పని అది. ఖరీదైనా అలా తొట్టెలో పుట్టిన చేపనే అడగండి. దుకాణదారులారా, ఆరడుగుల తొట్టె లేనివాళ్లకు టాంగ్ అమ్మకండి. ఎనిమిదడుగులు లేనివాళ్లకు సోహాల్ అసలే అమ్మకండి.