వార్ధక్యంలో దౌర్బల్యం: రెండు కొలబద్దల మంచిచెడ్డలు

“ముసలితనం వచ్చింది, ఓపిక తగ్గింది” అనుకొనుట మన ఇళ్ళలో పరిపాటి. ఆ మాటతో విచారణ ముగిసిపోతుంది. కాని ఎనభై ఏళ్ళు నిండినా తన పనులు తానే చేసుకొనే వారున్నారు. డెబ్బై ఏళ్ళకే చిన్న జ్వరంతో మంచం పట్టి తిరిగి లేవలేని వారూ ఉన్నారు. వయస్సు ఒక్కటే కారణమైతే ఇంత భేదం ఉండరాదు. శరీరంలోని అనేక అంగాల నిలవ శక్తి కలిసికట్టుగా తరిగిపోయి, కొద్దిపాటి దెబ్బకైనా తట్టుకొనలేని స్థితిని వైద్యులు దౌర్బల్యం అంటారు. దానిని కొలవడానికి ఏర్పడిన కొలబద్దలు ఎంతవరకు నమ్మదగినవో పరిశీలిద్దాం.

2001లో అమెరికా శాస్త్రజ్ఞురాలు లిండా ఫ్రీడ్, ఆమె సహచరులు అయిదు లక్షణాలను సూచించినారు. అవి: ప్రయత్నం లేకుండానే ఏడాదిలో 10 పౌన్లు, అనగా సుమారు నాలుగున్నర కిలోల బరువు తగ్గుట, అలసట, చేతిపట్టు సన్నగిల్లుట, నడక మందగించుట, శరీరశ్రమ తగ్గుట. వీటిలో మూడు ఉంటే దౌర్బల్యం. ఒకటి, రెండు ఉంటే దాని ముందు దశ. ఆ దేశంలోని నాలుగు ప్రాంతాలలో 65 ఏళ్ళు దాటిన 5,317 మందిని పరీక్షించగా నూటికి 7గురు దుర్బలులుగా తేలినారు. ఏడేళ్ళలో వీరిలో నూటికి 43 మంది మరణించగా, ఏ లక్షణమూ లేనివారిలో 12 మందే మరణించినారు.

ఈ పరిశోధన చేసిన మేలు గొప్పది. దౌర్బల్యం వేరు, వ్యాధి వేరు, అవిటితనం వేరు అని అది చూపింది. దుర్బలులలో నాలుగోవంతుకు పైగా మందికి అనేక వ్యాధుల కలయిక గాని, దినచర్యలో అశక్తత గాని లేవు. అంతవరకు వైద్యుల అనుభవానికి మాత్రమే తెలిసిన స్థితి, ఒక గడియారంతోను, చేతిపట్టు కొలిచే సాధనంతోను, కొన్ని ప్రశ్నలతోను తెలియవచ్చే విషయమైనది.

అయితే లోపాలు లేకపోలేదు. చేతిపట్టులోను, నడకలోను అందరికంటె వెనుకబడిన అయిదోవంతు మందిని గుర్తించి, అక్కడ గీత గీసినారు. ఏ తరగతిలోనైనా, అందరూ ఎంత బాగా చదివినా, కడపటి అయిదోవంతు ఉండకతప్పదు కదా! పైగా ఒక బడిలో గీసిన ఆ గీతతో మరొక బడి పిల్లలను తూచడం న్యాయం కాదు. సన్నని శరీరం గల పురుషుని చేతిపట్టు 29 కిలోలు మించకపోతే ఆ లెక్కలో అది బలహీనత. దక్షిణాసియా వారి చేతిపట్టు సగటున ఐరోపా, ఉత్తర అమెరికాల వారికంటె తక్కువ అని అనేక దేశాలలో జరిపిన కొలతలు తెలిపినవి. ఆ గీతను ఇక్కడ యథాతథంగా వాడితే ఆరోగ్యవంతులు కూడా దుర్బలుల జాబితాలో చేరే ప్రమాదం కలదు.

శ్రమను అంచనా కట్టే పట్టికలో గోల్ఫ్, టెన్నిస్, బౌలింగ్, పచ్చిక కోత వంటివి కలవు. వరిచేలో వంగి కలుపు తీసే అవ్వ శ్రమను ఆ పట్టికలో ఏ వరుసలో వ్రాయాలి? మతిమరుపు ముదిరినవారిని, పక్షవాతం వచ్చినవారిని ఈ గణనలో చేర్చలేదు. కనుక మనస్సుకు సంబంధించిన దౌర్బల్యం ఇందులో కనబడదు.

కెనడాలో కెనెత్ రాక్‌వుడ్, ఆర్నాల్డ్ మిట్నిట్‌స్కీ మరొక దారి తొక్కినారు. వారు 2001లో 92 లోపాలను లెక్కకు తీసుకొన్నారు. ఉన్న లోపాలను మొత్తం చూసిన లోపాలతో భాగించాలి: 40లో 10 ఉంటే 0.25. ఇందులో మనస్సుకూ చోటున్నది. ఒక అంశం తెలియకపోయినా లెక్క చెడదు. కాని రక్తపుపోటు, స్వయంగా స్నానం చేయలేకపోవుట, రెండూ సమానంగా ఒక్కొక్క అంకె అగుట వింత. ఈ సూచిక భారమెంతో చెప్తుంది గాని, భారానికి కారణం చెప్పదు.

కొలతకు నిజమైన పరీక్ష చికిత్స. 1994లో మరియా ఫియాటరోన్, ఆమె సహచరులు బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో, సగటు వయస్సు 87 ఏళ్ళు గల 100 మంది దుర్బలులపై ప్రయోగం జరిపినారు. పది వారాలు బరువులతో కాళ్ళకు వ్యాయామం చేసినవారి కండబలం రెట్టింపు దాటింది. చేయనివారిలో నూటికి 3 పాళ్ళే పెరిగింది. వ్యాయామం లేకుండా పోషకపానీయం ఒక్కటే ఇచ్చినందువల్ల బలం చేకూరలేదు. ప్రయోగకాలం పది వారాలే అయినా, “ఈ వయస్సులో ఇంకేముంది” అనే నిరాశకు అది గట్టి సమాధానం.

కాబట్టి ఈ కొలబద్దలను పారవేయనక్కరలేదు. గుడ్డిగా అరువు తెచ్చుకొననూ రాదు. 2017–18లో మన దేశంలో జరిగిన వార్ధక్య సర్వేలో 45 ఏళ్ళు నిండిన సుమారు 72,000 మందిని చూసి, చేతిపట్టును కూడా కొలిచినారు. మన గీతలను మన కొలతల నుండే గీసుకొనాలి. “ఈ అంకె ఎవరిని కొలిచి తెచ్చినది?” అని ప్రశ్నించుట విద్యార్థులకు అలవాటైతే, పొరపాటు కొలతవల్ల ఏ వృద్ధుడూ అనవసరంగా రోగిగా ముద్రపడడు, చేయదగిన సాయం ఉండగా ఏ వృద్ధురాలూ మంచానికి విడువబడదు.