బోరునీళ్లలో పచ్చని వనం

మొక్కల అక్వేరియం కళలో మహాగురువు ఎవరంటే నేను తడుముకోకుండా తకాషి అమానో పేరే చెబుతాను. జపాన్‌లోని నీగాటాకు చెందిన ఆయన ఒకప్పుడు వృత్తి సైక్లిస్టు. తర్వాత వర్షారణ్యాలను ఫొటోలు తీస్తూ తిరిగి, ఆ అడవులనే గాజుతొట్టిలోకి దించారు. 2015లో కన్నుమూశారు. ఆ ఏడాదే లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీటిలో ఆయన తీర్చిన వనం జనం ముందుకు వచ్చింది. అంత నీటిలో ప్రతి కొమ్మనూ, ప్రతి రాయినీ అక్కడే పుట్టి పెరిగినట్టు అమర్చారు! డచ్చివాళ్లు వరుసలు తీర్చి పెంచే తోటలూ అందమైనవే. అయినా నా ఓటు అమానోకే.

అయితే ఆయన ఫొటోలు చూసి అవే మొక్కలు తెచ్చి మన రామన్నపేట బోరునీళ్లలో నాటితే బతకవు. జపాన్‌లో నల్లా నీళ్లు చాలాచోట్ల సహజంగానే మృదువైనవి. మనవి గ్రానైట్ పగుళ్లలో ఏళ్లకేళ్లు నానిన నీళ్లు. కొన్ని బోర్ల నీళ్లకు సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. మరికొన్నిటిలో నురగ బాగానే వస్తుంది. అది చూసి మెత్తని నీళ్లని మురిసిపోతే మొదటికే మోసం. ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట చాలాసార్లు కాల్షియం తక్కువగానూ, బైకార్బొనేట్ ఎక్కువగానూ ఉంటుంది.

అందుకే కాఠిన్యాన్ని రెండుగా కొలవాలి. కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో జీహెచ్ చెబుతుంది. అవి మొక్కకు తిండి, కొంత ఉండాల్సిందే. కేహెచ్ చెప్పేది బైకార్బొనేట్ల సంగతి. ఒక్కో డిగ్రీ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానం. పీహెచ్‌ను కిందికి దిగనివ్వకుండా పట్టి ఉంచేది ఈ కేహెచ్చే.

ఇది తెలియకనే 'పీహెచ్ డౌన్' సీసాల వ్యాపారం నడుస్తోంది. ఆ ఆమ్లం నాలుగు చుక్కలు వేస్తే అంకె తగ్గుతుంది, తెల్లారేసరికి మళ్లీ ఎక్కుతుంది. ఇంకో నాలుగు చుక్కలు! ఆ ఎక్కిదిగే పీహెచ్‌కు చేపల ప్రాణం తోడేసినట్టవుతుంది. కేహెచ్ మాటెత్తకుండా ఆ సీసా చేతిలో పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాల్షియం తీసి సోడియం పెట్టే సాఫ్ట్‌నర్ మిషన్ కూడా ఇక్కడ పనికిరాదు, బైకార్బొనేట్‌ను అది ముట్టుకోదు.

సరైన దారి కలపడం. బోరు నీటి కేహెచ్ 16 ఉందనుకుందాం. ఒక పాలు బోరు నీటికి మూడు పాళ్లు వాననీళ్లో ఆర్‌ఓ నీళ్లో కలిపితే 4కు దిగుతుంది. వట్టి వాననీళ్లే పోస్తే పీహెచ్‌ను పట్టి ఉంచేదేమీ ఉండదు, కాల్షియం అందక కొత్త ఆకులు మెలితిరుగుతాయి. కేహెచ్ 4కు వచ్చాక కార్బన్ డయాక్సైడ్ వదులుతూ పీహెచ్‌ను 6.6 దగ్గర నిలిపితే, లీటరులో ఆ వాయువు సుమారు 30 మిల్లీగ్రాములు ఉన్నట్టు. మొక్కలకు అది పండగ. అంతకు మించితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇక్కడ పీహెచ్ దిగినా కేహెచ్ తరగదు. సీసా ఆమ్లానికీ దీనికీ ఉన్న తేడా అదే.

ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త. తొట్టిలోంచి నీరే ఆవిరవుతుంది, లవణాలు అక్కడే ఉండిపోతాయి. తగ్గిన మేరకు బోరునీళ్లే పోస్తూ పోతే జూన్‌కల్లా కాఠిన్యం ఎక్కడికో వెళ్తుంది. అప్పుడు పోయాల్సింది వాననీళ్లో ఆర్‌ఓ నీళ్లో మాత్రమే.

రాళ్లకైతే మన గుట్టల గ్రానైటే శ్రేష్ఠం, నీళ్లలో కరగదు. నాపరాయి, తెల్లటి పాలరాతి ముక్కలు వద్దు. వాటిమీద ఆమ్లం చుక్క వేసి చూడండి, బుసబుసమని పొంగితే అది సున్నపురాయి. తొట్టిలో పెడితే కాఠిన్యం పెంచుతూనే ఉంటుంది.

ఇంత విద్య ఉన్న కళను ఇవాళ ప్లాస్టిక్ మొక్కలు, నీలిరంగు గులకరాళ్లు మింగేస్తున్నాయి. అంతకంటే ఘోరం, గట్టున పెరిగే డ్రసీనాలను, లక్కీ బాంబూను నీటిమొక్కలని అమ్మడం. నీళ్లలో మునిగిన కొద్ది వారాలకే అవి కుళ్లుతాయి. కొన్న పిల్లవాడు తన చేతిలోనే ఏదో దోషముందనుకుని తొట్టిని అటకెక్కిస్తాడు. ఇలా ఎందరు ఈ కళకు దూరమయ్యారో!

అన్ని ఏర్పాట్లూ చేసుకోలేనివారు వాలిస్నేరియా, హైడ్రిల్లా నాటండి. అవి బైకార్బొనేట్ నుంచే కర్బనం తీసుకోగలవు, మన బోరునీళ్లలోనే పచ్చగా ఎదుగుతాయి. మెత్తని నీళ్లు కోరే రొటాలా మక్రాండ్రా ఎర్రదనం కావాలంటే మాత్రం వాననీళ్లు పట్టాల్సిందే. తొలకరి జల్లులు కప్పును కడిగేదాకా ఆగి, ఆ తర్వాత డ్రమ్ము పెట్టండి. దుకాణదారులకూ నా విన్నపం ఒకటే. ఆమ్లం సీసా ఉన్న అరలో కేహెచ్ కొలిచే కిట్టు పెట్టండి, తొట్టి కొనడానికి వచ్చినవారి చేత ఇంటి నీళ్లు ఒక సీసాడు తెప్పించి, కొలిచి చూపించాకే మొక్క అమ్మండి.